ఎవరి సంతకం పైన

మా తెలుగు సంఘానికి శాలువాలు కప్పడం తప్ప వేరే పని చేతకాదు. ఈ మాట అనే హక్కు నాకుంది. ఉగాదికీ దీపావళికీ ఆ సంఘం కోసం బేసిన్ల కొద్దీ పులిహోర కలిపిన చేతులివి. మహిళా విభాగం అని నాకొక పదవి కూడా ఇచ్చారు. ఆ విభాగంలో నేనూ ఒక పెద్ద గరిటా ఉండేవాళ్ళం.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా గంగవెర్రులెత్తిన రోజుల్లో మేము దొరల దేశానికి, స్లౌ అనే ఊరికి వచ్చాం. ఆగిపోబోయే ఆ కంప్యూటర్లను కాపాడే పనికి మా ఆయన ఫ్యాక్టరీలూ గిడ్డంగులూ ఉండే ట్రేడింగ్ ఎస్టేట్‌లో ఒక ఆఫీసులో చేరారు. కంప్యూటర్లు ఆగలేదు, మేము వెనక్కి వెళ్ళలేదు. నేను కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుని విసుగెత్తి, నాలుగు వీధుల అవతల ఉన్న జీపీ సర్జరీలో, అంటే వీధి డాక్టరు క్లినిక్కులో, రిసెప్షనిస్టుగా చేరాను. ఆ కిటికీ వెనక కూర్చుంటే మనుషుల గురించి చాలా తెలుస్తుంది. డాక్టరు దగ్గర అబద్ధాలు చెప్పేవాళ్ళు కూడా అపాయింట్‌మెంటు కోసం నా దగ్గర నిజమే చెప్తారు.

సిస్టర్ నాకు పరిచయమైంది ఆ కిటికీ దగ్గరే. ఊరికి కాస్త అవతల ఒక కేర్ హోమ్‌లో సీనియర్ కేరర్‌గా చేసేది. అక్కడి ముసలమ్మలను వీల్‌చైర్‌లో కూర్చోబెట్టుకుని మా సర్జరీకి తీసుకొచ్చేది. ఒకరోజు వీల్‌చైరు తలుపుకి తగులుకుంటే ఆమె నోట్లోంచి "అయ్యో ప్రభువా" అని జారింది. నేను కిటికీలోంచి తల బయటికి పెట్టి, "మీది గుంటూరు వైపా అండీ?" అన్నాను. "బాపట్లండీ," అని ఆమె ఆ వీల్‌చైరు సంగతే మర్చిపోయింది. చైర్లో ముసలమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏదో శుభవార్త విన్నట్టు తనూ నవ్వింది. వారం తిరిగేసరికి నేను ఆమెకి అక్కనైపోయాను. ఆమెను మాత్రం నేను చివరిదాకా సిస్టర్ అనే పిలిచాను, కేర్ హోమ్‌లో వాళ్ళందరికీ కూడా ఆమె అదే.

మన ఊళ్ళో మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసిన మనిషిని ఒక ఏజెంటు ఇక్కడికి కేరర్ పని మీద తీసుకొచ్చాడు. వర్క్ పర్మిట్ ఆమెదే. భర్త ఎస్టేట్‌లో ఒక గిడ్డంగిలో పెట్టెలు మోసేవాడు, మాట్లాడితే ఎక్కడ తప్పు దొర్లుతుందోనని అస్సలు మాట్లాడేవాడు కాదు. కూతురు చంకలో బిడ్డగా వచ్చి ఇక్కడే బడికెక్కింది. అమ్మ తెలుగులో అడిగితే ఆ పిల్ల ఇంగ్లీషులో జవాబు చెప్పేది, అదీ స్లౌ యాసలో.

వాళ్ళ బతుకు ఒక ఒడ్డున పడింది అనుకునే సమయానికి నిబంధనలు మారాయి. సీనియర్ కేరర్‌కి గంటకి ఫలానా జీతం ఇస్తేనే పర్మిట్ పొడిగిస్తామన్నారు. కేర్ హోమ్ యజమాని అంత ఇచ్చుకోలేనన్నాడు. పొడిగింపు రాలేదు. ఒక ముసలమ్మ కాలిపుండు మందుల కోసం వచ్చి, చీటీ నా ముందు పెట్టి, సిస్టర్ ఆ సంగతి చెప్పింది.

"ఎల్లిపొమ్మంటన్నారక్కా."

"ఎవరు?"

"గవర్నమెంటోళ్ళు. ముగ్గుర్నీ."

బస్సు తప్పిపోయింది అన్నంత మామూలుగా చెప్పింది. చీటీ మీద ఆమె వేలు మాత్రం అలాగే నొక్కి ఉంది. నేను లాగితే గానీ రాలేదు.

సౌతాల్‌లో ఒక పంజాబీ లాయరమ్మ వాళ్ళ అప్పీలు వేసింది. ఉన్న పొదుపంతా అక్కడికే సరిపోయింది. నేనూ ఒకసారి వాళ్ళతో వెళ్ళాను. లాయరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. పిల్ల ఇక్కడే పెరిగింది, తల్లి మీద ఒక్క మచ్చ లేదు, ముసలివాళ్ళ కుటుంబాలు ఆమె తరఫున మాట్లాడతామంటున్నాయి, కాబట్టి ఆశ ఉంది. కానీ ట్రిబ్యునల్‌లో జడ్జి ముందు వాదించడానికి ఇలాంటి కేసుల్లో ఆరితేరిన బారిస్టర్ కావాలి. ఆయన ఫీజు ముందే కట్టాలి. తన ఫీజైతే వదులుకోగలదు గానీ ఆయనది తన చేతిలో లేదు. ఆ ఫీజు ఎంతో విని సిస్టర్ భర్త తొలిసారి నోరు విప్పి, "మన వల్ల కాదులే," అన్నాడు.

నా వల్ల అవుతుందని నేననుకున్నాను. సంఘం ఉంది కదా అనుకున్నాను.

మా సంఘం అధ్యక్షుల వారు స్టాన్‌మోర్‌లో ఉండేవారు. విజయవాడ మనిషి. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళను కంపెనీలకు సరఫరా చేసే వ్యాపారం. ఇంటి గేటుకి అటూ ఇటూ రెండు సిమెంటు సింహాలు. ఆ వీధిలో ఇంకే ఇంటికీ సింహాలు లేవు, దొరలు వాటిని చూసి ఏమనుకునేవారో గానీ అటు పక్కనుంచి కుక్కల్ని నడిపించేవారు కాదు. కోశాధికారి గారిది అనంతపురం. స్విండన్‌లో ఇంజనీరు. ఒక్క పేపర్ ప్లేటు ఎక్కువ ఖర్చయినా నిద్రపోని మనిషి. వీళ్ళిద్దరూ కలిసే సంఘం పెట్టారు. ఒకే కంచంలో తిన్నంత స్నేహం అని చెప్పుకునేవారు, మేమూ నమ్మేవాళ్ళం.

సింహాల ఇంట్లో కమిటీ కూర్చుంది. నేను సంగతి చెప్పాను. కాసేపు అందరూ జీడిపప్పు నమిలారు. ఒకాయన గొంతు సవరించుకుని, "వాళ్ళకి చర్చి ఉంటుంది కదండీ. చర్చి వాళ్ళు చూసుకోరా?" అన్నాడు.

"పోయిన దీపావళికి టికెట్లు అమ్మినప్పుడు వాళ్ళ దగ్గర మూడు టికెట్ల డబ్బులు తీసుకున్నారు కదండీ," అన్నాను. "అప్పుడు గుర్తు రాలేదేం చర్చి?"

మా ఆయన బల్ల కింద నా కాలు తొక్కారు. ఇంటికొచ్చాక కూడా, "మనకెందుకే ఇదంతా," అన్నారు. పాపం ఆయన తప్పు లేదు. ఆయన ఊహించిన ఇబ్బంది కంటే ఎక్కువే వచ్చింది తర్వాత.

కమిటీని ఒప్పించింది నా మాటలు కావు. అధ్యక్షుల వారి బుర్రలో ఒక దీపం వెలిగింది. "మంచి కాన్సెప్టండీ," అన్నారు. "మనకి డాన్సులున్నాయి, డిన్నరుంది. ఛారిటీ లేదు. కౌన్సిల్‌లో గ్రాంటు అడిగినప్పుడల్లా ఛారిటీ ఏం చేశారని అడుగుతున్నారు." ఒక కుటుంబం రోడ్డున పడబోతోందంటే ఆయనకి గ్రాంటు గుర్తొచ్చింది. అయినా సరే, ఎందుకిస్తే మనకేం, ఇస్తే చాలనుకుని నోరు మూసుకున్నాను. న్యాయ సహాయ నిధి అని పేరు పెట్టారు. కోశాధికారి గారు వేలెత్తి, "ఒక రూలు పెట్టల్ల," అన్నారు. "ఈ లెక్క లీగల్ ఖర్చులకు తప్ప ఇంగొకదానికి ఒక్క పెన్నీ పోగూడదు. రాసుకోండి." లెక్కంటే వాళ్ళ వైపు డబ్బు. రాసుకున్నారు. ఆ రోజు ఆయన మీద నాకు గౌరవం కూడా కలిగింది.

జనం ఇచ్చారు. ఆ మాట చెప్పకపోతే పాపం తగులుతుంది. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సులిచ్చారు. ఒకే ఇంట్లో ఆరుగురు చేరి చపాతీలు మాడ్చుకుని తినే కుర్రాళ్ళిచ్చారు. ఒక స్కూలు హాలు అద్దెకి తీసుకుని ఆదివారాలు ప్రార్థన చేసుకునే తెలుగు క్రైస్తవులు ఒక వారం కానుక మొత్తం పట్టుకొచ్చి ఇచ్చారు. మన వాళ్ళకి మనసు లేదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. మనసు ఉంది, దాన్ని తీసుకెళ్ళి కమిటీ చేతిలో పెడతాం, అదే మన జబ్బు. అవసరమైన దానికంటే కాస్త ఎక్కువే పోగైంది. సిస్టర్‌కి ఫోన్ చేసి చెప్పాను. "ప్రార్థన చేసుకుంటన్నా అక్కా, ఉండు," అంది. ఉన్నాను.

లాయరమ్మ బారిస్టర్‌ని మాట్లాడి పెట్టింది. విచారణ ఉగాది దాటాక కొన్ని వారాలకి. చెక్కు పంపేస్తే అయిపోయేది. కాని మా వాళ్ళు ఏదైనా ఇవ్వాలంటే వేదిక కావాలి, మైకు కావాలి, ముఖ్య అతిథి కావాలి. ఉగాది సభలోనే ఇద్దామన్నారు. సభకి ముందు అధ్యక్షుల వారి భార్య నాకు ఫోన్ చేసి, "ఆ అమ్మాయిని పట్టుచీర కట్టుకోవద్దనండి. మామూలుగా రమ్మనండి. చూసేవాళ్ళకి అనిపించాలి కదా," అంది. ఏం అనిపించాలి అని నేనడగలేదు, అడిగితే ఆమెకి పులిహోర కలిపేవాళ్ళు దొరికేవారు కాదు. సిస్టర్‌కి ఆ కబురు చెప్పనే లేదు. కానీ ఆ రోజు డ్యూటీ రోటాలో ఆమెకి పొద్దుటి షిఫ్టు పడింది, కేర్ హోమ్ యూనిఫారంలోనే పరిగెత్తుకొచ్చింది. అధ్యక్షుల వారి భార్య దూరం నుంచి చూసి తృప్తిగా తలాడించింది.

పంచాంగం చదివారు. చిన్నపిల్లలు సినిమా పాటలకి గంతులేశారు. ముఖ్య అతిథి ఎవరో కౌన్సిలరు, షడ్రుచుల పచ్చడి నోట్లో పెట్టుకుని మింగాలా ఉమ్మాలా తేల్చుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అప్పుడు అధ్యక్షుల వారు సిస్టర్‌ని వేదిక మీదికి పిలిచి, "ఈ అభాగ్యురాలికి మన సంఘం అండగా నిలుస్తోంది," అన్నారు. అట్టమీద అచ్చువేయించిన ఒక పెద్ద చెక్కు తెచ్చారు, తలుపులో సగం ఉంటుంది. ఒక కొస అధ్యక్షుల వారు పట్టుకున్నారు, ఇంకో కొస కౌన్సిలరు. మధ్యలో సిస్టర్ మొహం ఒక్కటే కనిపించింది. కూతురు కింద నా పక్కన నిలబడి, "ఆంటీ, దట్ వోంట్ ఫిట్ ఇన్ ద బ్యాంక్," అంది. ఆ సభలో బుర్ర ఉన్న మాట అదొక్కటే.

సరిగ్గా ఆ సమయానికి కోశాధికారి గారు వంటగదిలో పేపర్ ప్లేట్లు లెక్కపెట్టుకుంటున్నారు. చప్పట్లు విని, చంకలో ప్లేట్ల కట్టతో హాలు గుమ్మం దాకా వచ్చారు. వేదిక మీద ఫొటోలు దిగుతున్నారు. ఆయన పేరు ఎవరూ పిలవలేదు. నేను సాంబారు గంగాళం వెనక నుంచి ఆయన మొహం చూశాను. ఆయన ప్లేట్ల కట్ట బల్ల మీద పెట్టి, కోటు తగిలించుకుని, భోజనం చేయకుండా స్విండన్ వెళ్ళిపోయారు.

అట్ట చెక్కు ఫొటోలకి. అసలు చెక్కు మీద అధ్యక్షుడూ కోశాధికారీ ఇద్దరూ సంతకాలు పెట్టాలి, బ్యాంకులో అలా రాసిచ్చారు. వారం గడిచినా చెక్కు లాయరమ్మకి చేరలేదు. కనుక్కుంటే, స్టాన్‌మోర్‌కీ స్విండన్‌కీ మాటల్లేవట. ఇద్దరూ ఎడమొహం పెడమొహం. సరే, నేను మధ్యలో స్లౌలోనే ఉన్నాను కదా, అటూ ఇటూ తిరిగి సంతకాలు పెట్టించుకొస్తానని సెలవు పెట్టి బయల్దేరాను.

ముందు స్టాన్‌మోర్ వెళ్ళాను. అధ్యక్షుల వారు కాఫీ ఇచ్చి, తన గొప్పతనం కొంత చెప్పి, చెక్కు మీద సంతకం పెట్టారు. సంతకం అంటే మామూలు సంతకం కాదు. ఆ ఖాళీ జాగా అంతా నిండి, చివర ఒక తోక కిందికి దిగి మెలికలు తిరిగింది. ఇంకొకరు పెట్టాలంటే అడుగున సన్నటి చోటు మిగిలింది. మర్నాడు రైలెక్కి స్విండన్ వెళ్ళాను. కోశాధికారి గారు చెక్కుని వెలుతురులోకి ఎత్తి పట్టి చూశారు.

"ఏమ్మా, ఆయప్ప కింద నేను సంతకం పెట్టల్లనా?"

"చోటు అక్కడే ఉంది కదండీ."

"ఇంటింటికీ తిరిగి లెక్క వసూలు చేసింది ఎవురు? నేను. ఫొటో దిగింది ఎవురు? ఆయప్ప. ఇప్పుడు సంతకం గూడా ఆయప్పది పైన, నాది కింద. నేనేమన్నా ఆయప్ప దగ్గర జీతానికి ఉండానా?"

"అక్కడ ముగ్గురు మనుషులు వెళ్ళిపోవాల్సి వస్తోందండీ," అన్నాను.

"పాపం, కాదనడం ల్యా," అన్నారు. "ఇంగొక చెక్కు తెప్పిస్తా. ముందు నేను పెడతా, పైన. తర్వాత ఆయప్పని పెట్టమను."

అన్నట్టే ఇంకో చెక్కు మీద పైన సంతకం పెట్టి ఇచ్చారు. దాన్ని పట్టుకుని మళ్ళీ సింహాల ఇంటికి వెళ్ళాను. అధ్యక్షుల వారు దాన్ని వేలి కొసతో ముట్టుకుని పక్కకి జరిపారు. "చూడండమ్మా, ప్రోటోకాల్ అనేది ఒకటుంటుంది కదండీ. నేను ఫౌండర్ ప్రెసిడెంట్‌ని. కోశాధికారి కింద నేను సంతకం పెడితే రేపు జనం ఏమనుకుంటారు?" ఏ జనం? చెక్కు చూసేది బ్యాంకు గుమాస్తా ఒక్కడే. వాడికి ఈ ఇద్దరి పేర్లు నోరు తిరగవు కూడా.

నేను బ్యాంకుకి వెళ్ళి అడిగాను. కౌంటర్ దగ్గర పిల్ల నా వంక వింతగా చూసి, ఎక్కడ పెట్టినా పర్లేదు, రెండు సంతకాలుంటే చాలంది. ఆ ముక్క ఇద్దరికీ ఫోన్‌లో చెప్పి, పక్కపక్కనే పెట్టండి, పైనా కిందా గొడవ ఉండదన్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. నేను ఊపిరి పీల్చుకునే లోపల ఇద్దరూ ఒకే ప్రశ్న అడిగారు. ఎడమ పక్క ఎవరు? చదివేటప్పుడు ముందు వచ్చేది ఎడమ పక్కదే కదా అని.

ఇంత చదువుకున్నవాళ్ళు. ఒకాయన కింద నలభై మంది పనిచేస్తారు, ఇంకొకాయన విమానాలకి భాగాలు తయారుచేస్తారు. ఏ విమానమెక్కినా నాకు ఇప్పటికీ ఆయన గుర్తొస్తారు, సీటు బెల్టు ఇంకాస్త బిగించుకుంటాను.

ఈలోగా లాయరమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. ఫీజు కట్టకపోతే బారిస్టర్ ఆ రోజుని వేరే కేసుకి ఇచ్చేస్తాడంది. నేను తెలిసినవాళ్ళకల్లా ఫోన్లు చేశాను. అందరిదీ ఒకే జవాబు. "ఇచ్చాం కదండీ ఉగాదికి. మళ్ళీ ఏమిటి?" వాళ్ళనేం అనగలను? స్టేజి మీద సగం తలుపంత చెక్కు ఇవ్వడం కళ్ళారా చూసినవాళ్ళు. సిస్టర్‌కి డబ్బు అందిందనే అందరి లెక్క. ఆ నిధి అసలు పుట్టకుండా ఉంటే నేనే గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి తెచ్చేదాన్ని. మా ఇంటి మార్ట్‌గేజీ వాయిదా కట్టగా మిగిలింది నేనిచ్చాను, చర్చి వాళ్ళు మళ్ళీ కొంత పోగుచేశారు. అది సగానికి కూడా రాలేదు.

చివరి దెబ్బ కోశాధికారి గారు కొట్టారు. అధ్యక్షుల వారు తనకి తెలియకుండా డబ్బు తీసేస్తారేమోనని అనుమానం వచ్చి, సంఘంలో తగాదా నడుస్తోందని బ్యాంకుకి రాశారు. బ్యాంకు ఖాతా ఆపేసింది. తగాదా తేలేదాకా ఒక్క పెన్నీ కదలదు. ఆయన నాకు ఫోన్ చేసి ఆ సంగతి గర్వంగా చెప్పారు. "లెక్క భద్రంగా ఉందమ్మా. ఎవురూ ముట్టుకోలేరు."

విచారణ రోజు బారిస్టర్ రాలేదు. ఆయన ఇంకెవరి కేసులోనో ఉన్నాడు. లాయరమ్మ తనే లేచి నిలబడింది. వాదించడం ఆమె పని కాదు, అయినా నిలబడింది. సిస్టర్ స్నానం చేయించే ఒక ముసలమ్మ కూతురు, తెల్లావిడ, ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చి జడ్జి ముందు మాట్లాడింది. మా అమ్మ నా పేరు మర్చిపోయింది గానీ ఈమె అడుగుల చప్పుడు గుర్తుపడుతుంది అని చెప్పింది. సంఘం నుంచి ఒక్కరు రాలేదు. అధ్యక్షుల వారి నుంచి నా ఫోన్‌కి ఒక మెసేజి వచ్చింది, ఆల్ ది బెస్ట్ అని. జడ్జి మర్యాదగానే విన్నాడు. అవతలి పక్క గవర్నమెంటు తరఫు కుర్రాడు వరసగా ప్రశ్నలు వేస్తుంటే లాయరమ్మ కాగితాలు వెతుక్కోవడం, సిస్టర్ ఆ వెతుక్కోవడం చూడ్డం, అది నేను చూసిన వాటిలోకెల్లా కష్టమైన దృశ్యం.

అప్పీలు కొట్టేశారు. బారిస్టర్ వచ్చి ఉంటే గెలిచేవాళ్ళమా అని లాయరమ్మని అడిగాను. "చెప్పలేను," అంది. నిజాయితీ గల మనిషి. నేనూ చెప్పలేను. ఆయన రాకుండా ఎవరు చేశారో మాత్రం చెప్పగలను.

వాళ్ళు వెళ్ళిపోతున్నారని తెలియగానే మా పెద్దమనుషుల్లో చలనం వచ్చింది. అప్పటికి ఒక సంఘం రెండు సంఘాలైంది. స్టాన్‌మోర్ సంఘం వీడ్కోలు సభ పెట్టింది. తర్వాతి ఆదివారం స్విండన్ సంఘం వీడ్కోలు సభ పెట్టింది, వాళ్ళ కంటే ఒక కూర ఎక్కువ. వెళ్ళొద్దని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "పిలిచినప్పుడు పోకపోతే ఏమనుకుంటారక్కా," అని సిస్టర్ రెండింటికీ వెళ్ళింది. రెండు చోట్లా శాలువా కప్పారు. రెండో సభలో నాలుగు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చారు.

"అందరికీ వందనాలు," అంది. "నాకు రెండు శాలువాలు వచ్చినయి. మా బాపట్లలో చలి లేదు. ఇక్కడ హోములో ఇద్దరు పెద్దమ్మలు చలికి వణుకుతుంటారు, ఆళ్ళకి ఇచ్చేసి పోతా. ఏమనుకోమాకండి."

హాలంతా చప్పట్లు కొట్టింది. మా వాళ్ళు మైకులో ఏం విన్నా చప్పట్లు కొడతారు. కోశాధికారి గారైతే కళ్ళు కూడా తుడుచుకున్నారు.

హీత్రోకి నేనే నా కారులో దింపాను. ఆమె భర్త నన్ను ఒక్క పెట్టె కూడా ముట్టుకోనివ్వకుండా అన్నీ తనే దించాడు. పిల్ల తన స్కూలు స్వెటరు విప్పనంది, అక్కడ ఎండలని చెప్పినా వినలేదు. నేను కారు పార్కింగ్‌లో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆ తర్వాత ఏడవలేదు, తిట్టుకుంటూనే ఉన్నాను.

సంఘం పేరు ఎవరిది, ఖాతా ఎవరిది అని రెండు పక్షాలూ లాయర్లని పెట్టుకుని కొట్టుకున్నాయి. చివరికి ఎవరూ గెలవక, ఖర్చులు తడిసి మోపెడై, రాజీకొచ్చారు. రాజీ తర్వాత అందరినీ కలిపి ఒక సర్వసభ్య సమావేశం పెట్టారు. పులిహోర నాదే, ఆ ఒక్కసారి ఏం చెప్తారో వినాలని కలిపాను. ఖాతా తెరిపించామన్నారు. ఉభయుల లాయర్ల ఫీజులూ తీర్చేశామన్నారు. నేను లేచి, ఏ డబ్బుతో తీర్చారని అడిగాను.

అధ్యక్షుల వారు కోశాధికారి గారికి మైకు అందించారు. ఆయన తడుముకోలేదు. "న్యాయ సహాయ నిధి నుంచే గదమ్మా. ఆ పాపవాళ్ళు ఎట్లాగూ వెళ్ళిపోయిరి. లీగల్ ఖర్చులకు తప్ప వాడగూడదని మనమే రూలు పెట్టుకుంటిమి. ఇవి లీగల్ ఖర్చులే. రూలు దాటల్యా."

రెండు చెక్కులు రాశారట. అధ్యక్షుల వారి లాయరుకిచ్చిన దాని మీద ఆయన సంతకం పైన, కోశాధికారి గారిది కింద. కోశాధికారి గారి లాయరుకిచ్చిన దాని మీద ఆయనది పైన, అధ్యక్షుల వారిది కింద. ఇద్దరికీ సమానంగా గౌరవం దక్కిందని సభలో ఎవరో మెచ్చుకున్నారు కూడా. నైట్ డ్యూటీ నర్సుల డబ్బు, మాడిన చపాతీల డబ్బు, ఒక ఆదివారం కానుక డబ్బు. నేను చేతిలో ఉన్న గరిటని తీసుకెళ్ళి వాళ్ళిద్దరి ముందు బల్ల మీద పెట్టి, ఇంక మీరే వడ్డించుకోండి అని ఇంటికొచ్చేశాను. మహిళా విభాగం ఆ రోజుతో మూతబడింది.

కొన్నాళ్ళకి ఫోన్ కార్డు కొని సిస్టర్‌కి ఫోన్ చేశాను. గుంటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరింది. ఇక్కడ నెలకొచ్చేది అక్కడ ఏడాదికి రాదు. పిల్లని బళ్ళో మాట మాటకీ వెక్కిరిస్తున్నారట, అందుకని అది తెలుగూ మాట్లాడటం లేదు, ఇంగ్లీషూ మాట్లాడటం లేదు. అదంతా మామూలుగానే చెప్పి, హోములో ముసలమ్మలు ఎలా ఉన్నారని అడిగింది. అప్పుడు, "ఆ డబ్బులు ఏమైనయి అక్కా? మా లాంటోళ్ళకే ఇంకెవరికన్నా ఇచ్చారా?" అంది.

అబద్ధం చెబుదామా అనుకున్నాను గానీ నాకు నోరు ఆగదు. సింహాల ఇల్లూ, సంతకాలూ, గరిటా, గుర్తొచ్చిన వరసలో చెప్పేశాను. వాళ్ళ లాయర్లకే పోయాయని చెప్పాను. చెప్తూ చెప్తూ మళ్ళీ కోపం తన్నుకొచ్చి ఇద్దరినీ నోటికొచ్చినట్టు తిట్టాను.

"మరి అక్కా, ఆళ్ళ కేసన్నా గెలిచిందా?" అంది సిస్టర్.

ఆ గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే కనుక్కుంటోంది.